కుడిచేతికి తగిలిన నాలుక చేప

నాకు పక్షవాతం వచ్చినప్పుడు నేను బస్సు నడపడం లేదు. చిత్తూరు బస్టాండులో టీ కొట్టు ముందు నిలబడి ఉన్నాను. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ముందు గుండె మీద చెయ్యి వేసుకుంటాను, తర్వాతే మిగతాది గుర్తు చేసుకుంటాను. అది ఇంకో పది నిమిషాలు ఆగి వచ్చి ఉంటే స్టీరింగు నా చేతుల్లో ఉండేది. తిరుపతికి పోయే యాభై మంది నా వెనక కూర్చుని ఉండేవాళ్ళు.

చేతిలోని గ్లాసు జారి కిందపడింది. వేడికి వదిలేశాననుకున్నాను. ఇంకో టీ ఇమ్మని చెప్పాను. కొట్టాయన "ఏందన్నా?" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆయన మళ్ళీ "ఏంది?" అన్నాడు. పక్కనే బిస్కెట్టు తింటున్న మా కండక్టరు తినడం ఆపి నా మొహంలోకి చూశాడు.

"అన్నా, రవంత నవ్వు" అన్నాడు.

ఎందుకు నవ్వాలి అని అడగబోయాను. మాట పూర్తిగా రాలేదు.

"నవ్వన్నా, సెప్తా."

నవ్వాను. వాడి మొహం పాలిపోయింది. నా నవ్వు ఒక పక్కకే వచ్చిందట. కుడిపక్క చెంప మైనంలా జారి ఉందట. ఇవన్నీ తర్వాత వాడు చెప్పినవే. వాడు నా జబ్బ పట్టుకుని "నువ్వు బస్సెక్కొద్దు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. విదిలించుకుని బస్సు వైపు రెండడుగులు వేశాను, మూడో అడుగు పడలేదు. బస్సులోంచి జనం "టైమయింది, తియ్యండప్పా" అని అరుస్తుంటే వాడు వాళ్ళకు ఒక్క మాట చెప్పి, నన్ను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. త్వరగా తెచ్చారు కాబట్టి బతికాడని డాక్టరు మా ఆవిడతో అన్నాడు.

ఆ కండక్టరు నాకంటే పన్నెండేళ్ళు చిన్న. అప్పటికి ఆరేళ్ళుగా ఇద్దరం ఒకే బస్సు మీద ఉన్నాం. వాడిది సముద్రం ఒడ్డు ఊరు, నాయుడుపేట నుంచి తూర్పుకు పోవాలి. నాది వడమాలపేట. నాకు నీళ్ళంటే బోరుబావి నీళ్ళు, చేపలంటే చెరువు నిండిన ఏడాది దొరికే చేపలు. జిల్లాలు విడగొట్టినాక వాళ్ళ ఊరూ మా ఊరూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. "సూడన్నా, మా సముద్రం ఇప్పుడు నీది గూడా" అని వాడు ఆట పట్టించేవాడు. నేను ఏనాడూ చూడ్డానికి పోలేదు.

మాట మూడు నెలలకు తిరిగి వచ్చింది. కాలు ఇంకో రెండు నెలలకు దారికి వచ్చింది, కొంచెం ఈడుస్తాను అంతే. చెయ్యి మాత్రం మొండికేసింది. కదలక కాదు. ఎత్తితే లేచేది, వేళ్ళు ముడిస్తే ముడుచుకునేవి. అయితే దేన్ని పట్టుకున్నా పట్టుకున్నట్టు తెలిసేది కాదు. కళ్ళతో చూస్తేనే చేతిలో గ్లాసు ఉందని తెలిసేది. చూపు పక్కకు తిప్పితే గ్లాసు కిందపడేది. చొక్కా జేబులో చెయ్యి పెడితే అక్కడ నా చెయ్యి ఉన్నట్టే ఉండేది కాదు, ఎవరో తెచ్చి పెట్టినట్టుండేది. అన్నం కలుపుతుంటే వేళ్ళ సందుల్లోంచి మెతుకులు జారి ఒళ్ళో పడేవి. ఒక పెళ్ళిలో పంక్తిలో కూర్చుని అట్లా తిని, లేచేటప్పుడు విస్తరి చుట్టూ చూసుకుని సిగ్గుపడ్డాను. ఆ రోజు నుంచి ఎడమచేత్తో చెంచా పట్టాను.

పెద్ద బండి నడపడానికి పనికిరానని డాక్టర్లు రాసిచ్చారు. డిపోవాళ్ళు ఉద్యోగం తీసేయలేదు, గేటు దగ్గర కుర్చీ వేశారు. ఏ బస్సు ఎప్పుడు బయటికి పోయిందో, ఎప్పుడు లోపలికి వచ్చిందో రాయాలి. ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపినవాణ్ణి, నా బస్సును ఇంకొకరు నడుపుకుంటూ నా ముందు నుంచే పోతుంటే ఎడమచేత్తో వంకరటింకరగా దాని నంబరు రాసేవాణ్ణి. ఆ డ్రైవరు మర్యాదకు హారన్ కొట్టేవాడు. కొట్టకుండా పోతే బాగుండు అనిపించేది.

వ్యాయామం నేర్పే అమ్మాయి ఆసుపత్రిలో రోజూ ఏవో చేయించేది. బియ్యంలో కలిపిన అలసందలు కళ్ళు మూసుకుని ఏరమనేది. నేను రెప్పల సందులోంచి దొంగచూపు చూసి ఏరేవాణ్ణి. ఆ పిల్ల మెచ్చుకునేది. ఇంట్లోనూ అట్లాగే ఏరుతుంటే మా ఆవిడ చూసి పట్టేసింది.

"ఎవురిని మోసం జేస్తావుండావు మామా? ఆ పిల్లనా, నీ సేతినా?" అంది.

మర్నాటి నుంచి వ్యాయామం మానేశాను.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం కండక్టరు మా ఇంటికి చేప తెచ్చాడు. ప్లాస్టిక్ సంచిలోంచి తీసి గిన్నెలో వేస్తే మా ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ చేప పలకలా చదునుగా ఉంది. ఒక పక్క గోధుమరంగు, తిప్పితే రెండో పక్క తెల్లగా ఉంది. కళ్ళు రెండూ ఒకే పక్క ఉన్నాయి. నోరు తెరిస్తే సూదుల్లాంటి పళ్ళు.

"ఇదేం సేపబ్బా, బండి కింద పడినట్టుండాది?" అన్నాను.

"నాలుక సేపన్నా. ఎనుము నాలుక మాదిరి ఉంటాది గదా. అరవమోళ్ళు గూడా అట్లనే అంటారు, ఎరుమై నాక్కు అని. ఎగుమతి కంపెనీవోళ్ళు హాలిబట్టు అంటారు. అడుగున ఇసకలో పండుకోని ఉంటాది. ఒళ్ళంతా ఇసక కప్పుకోని, కండ్లు మాత్రం బైట పెట్టి సూస్తావుంటాది."

"వలకు పడతాదా?"

"వలకూ పడతాది. మా బావ మాత్రం గాలానికే పడతాడు. అందరికీ రాదన్నా ఆ పని. వేరే సేపలు గుంజతాయి, తెలిసిపోతాది. ఇది గుంజదు. ఎరను నోట్లో పెట్టుకోని ఊరికే ఉంటాది. దారం రవంత బరువు అవుతాది, అంతే. వేలికి తెలస్తే తెలిసినట్టు. లేకపోతే ఎర తినేసి పోతాది."

వాడు మామూలుగా చెప్పాడు. చెప్పాక నా చెయ్యి వైపు చూసి, అనకూడని మాట అన్నట్టు తల దించుకున్నాడు. నేను నా కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాను. ఎనిమిది నెలలుగా అందరూ ఆ చేతిని జాలిగా చూశారు, బియ్యం గింజలిచ్చారు, రబ్బరు బంతులిచ్చారు. దానికి ఒక పని చెప్పినవాళ్ళు లేరు.

"నేనొస్తా" అన్నాను.

"యాడికన్నా?"

"మీ బావ పడవలోకి. ఆ సేపను పడతా."

కండక్టరు మా ఆవిడ వైపు చూశాడు, ఆవిడే వద్దంటుందని. వంటింటి గడప దగ్గర నిలబడి ఆవిడ చాలాసేపు ఆలోచించింది. మా ఆవిడ మా అక్క కూతురే. చిన్నప్పటి నుంచి నా మొండితనం ఎరిగిన మనిషి.

"పో మామా" అంది చివరికి. "పోతే గానీ కుడిసేత్తోనే పట్టల్ల. ఎడమసేత్తో పట్టుకోనొచ్చి నా ముందర పెడితే వండను."

మొదటిసారి మాఘమాసంలో పోయాం. ఆ నెలల్లో సముద్రం అణిగి ఉంటుందట. తొలి బస్సుకు బయల్దేరి, ఎండ ఎక్కకముందే ఒడ్డు చేరుకున్నాం. మా ఆవిడ ఎక్కడో అడిగి తెచ్చిన నారింజరంగు లైఫ్ జాకెట్ నా సంచిలో ఉంది. దాన్ని తొడుక్కుంటే ఒడ్డు మీద వల బాగుచేసుకుంటున్న నలుగురూ పని ఆపి నవ్వారు. కండక్టరు బావ నవ్వలేదు. అరవై ఏళ్ళ మనిషి, ఎండకు నల్లబడి బక్కగా, గట్టిగా ఉన్నాడు. ఆయన నా కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలినీ వంచి చూశాడు.

"దీంతోనా?" అన్నాడు.

"దీంతోనే బావా."

"ఎడమ సెయ్యి బాగుండాది గదా."

"అది బాగుండాదని దానికే పని సెప్తే ఇది ఎప్పుడు బాగయ్యేది?"

ఆయన నా చెయ్యి వదిలాడు. పడవను నీళ్ళలోకి తోశారు. ఒడ్డు దగ్గర చిన్న అలలు రెండు మూడు దాటాక నీళ్ళు చదునుగా పరుచుకున్నాయి. నేను సముద్రమంటే ఎప్పుడూ ఎగిరిపడేదనుకున్నాను. ఇది గాలి లేని మధ్యాహ్నం చెరువులా ఉంది. ఒడ్డున ఉన్న సరుగుడు తోపు కనిపించేంత దూరంలోనే ఆయన ఇంజిన్ ఆపి లంగరు వేశాడు. అడుగున ఇసుక ముగిసి బురద మొదలయ్యే చోటు అదట. నాలుక చేపకు అలాంటి చోటే ఇష్టమట.

గాలానికి చిన్న చేపముక్క గుచ్చి, సీసం గుండు కట్టి, నీళ్ళలోకి వదిలి, దారం నా చూపుడువేలి మీదుగా వేశాడు. "గుండు నేలను తాకినాక మూరెడు పైకి లాగు. ఆడ పెట్టుకో. కండ్లు దారం మీద పెట్టొద్దు, దూరంగా పెట్టు. సూస్తావుంటే వేలు సోమరిదైపోతాది" అన్నాడు.

గుండు ఎప్పుడు నేలను తాకిందో నాకు తెలియలేదు. ఆయనే చెప్పాడు. ఆ రోజు ఏడెనిమిదిసార్లు దారం పైకి లాగాను. ప్రతిసారీ గాలం ఖాళీగా వచ్చింది. ఎర మాత్రం ఎవరో శుభ్రంగా తినేసి పోయారు. పడవ కదలకుండానే ఊగుతుంటే పక్కకు వంగి పొద్దున తిన్న ఇడ్లీలు సముద్రానికిచ్చాను. తర్వాత కండక్టరు "అన్నా, నెత్తురు!" అని అరిచాడు. దారం కోసుకుపోయి నా వేళ్ళ నుంచి రక్తం కారుతోంది. పడవ అడుగున నీళ్ళు ఎర్రబడ్డాయి. నొప్పి లేదు కాబట్టి నాకు తెలియనే లేదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నాను కాబట్టి అది ఒక పట్టాన ఆగలేదు. పడవాయన తన తలగుడ్డ చించి కట్టి, వెంటనే ఒడ్డుకు తిప్పాడు.

ఇంట్లో ఏం జరిగిందో వివరంగా రాయను. మా ఆవిడ ఏడ్చింది, తిట్టింది, కండక్టరుకు ఫోన్ చేసి వాణ్ణీ తిట్టింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, డిపోలో పారేసిన సైకిలు ట్యూబు ముక్క తెచ్చుకుని కత్తెరతో కత్తిరిస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"ఏం జేస్తావుండావు?"

"అరిసేతికి తొడుగు. వేలి కొసలు మాత్రం బైటికి ఉండేట్టు. దారం కోసుకోదు, తగిలింది తెలస్తాది."

"తెలస్తాదా?"

"ఇంగా తెల్దు. తెలిసేదాకా పోతా."

ఆవిడ నా చేతిలో కత్తెర తీసుకుని, ట్యూబును నా చేతికి కొలత పెట్టి, తనే కత్తిరించి కుట్టింది.

ఆ తొడుగుతో ఇంకో రెండుసార్లు పోయాను. వేళ్ళు తెగలేదు, చేపా పడలేదు. రెండోసారి నా పక్కనే కూర్చుని పడవాయన రెండు నాలుక చేపలు పట్టాడు. ఆయన దారం మీద ఆయన వేలు ఎప్పుడు కదిలిందో నాకు కనపడను కూడా లేదు. తర్వాత వేసవిలో వేట ఆపే రోజులొచ్చాయి. పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఆ వెనకే వానలు, తుపాన్లు. మళ్ళీ నీళ్ళు అణిగేదాకా ఆగమన్నాడు పడవాయన. ఆ మాట విని నాకు నీరసం రాలేదు, భయం వేసింది. ఈ నెలలన్నీ ఊరికే కూర్చుంటే చెయ్యి ఉన్నది కూడా మరిచిపోతుందని.

మేం తిరుపతిలో అద్దెకున్న ఇల్లు రెండో అంతస్తులో ఉంది, పైన మిద్దె. ఒక సాయంత్రం మిద్దె మీద పిట్టగోడ దగ్గర స్టూలు వేసుకుని, సీసం గుండు కట్టిన దారాన్ని కింద వాకిటి దాకా వదిలాను. కింద మా ఆవిడ చిన్న ఎర్రగడ్డలు ఒలుచుకుంటూ కూర్చుంది. ఆవిడ తన ఇష్టం వచ్చినప్పుడు దారాన్ని ఒక వేలితో ముట్టాలి. నేను కళ్ళు మూసుకుని ఉండి, ముట్టినట్టు తెలిస్తే అరవాలి. సముద్రంలోనే కాదు, ఇంట్లోనూ నాలుక చేప ఉంటే తప్పేమిటని ఆవిడకు చెప్పాను. "నేను సేపనా?" అని మూతి ముడిచింది గానీ కూర్చుంది.

మొదటి వారం ఒక్కసారి కూడా సరిగ్గా అరవలేదు. ఆవిడ ముట్టినప్పుడు ఊరికే ఉన్నాను, ముట్టనప్పుడు "ఇప్పుడు!" అన్నాను. ఒకరోజు అట్లా వరసగా నాలుగైదుసార్లు అరిచాక కింద నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"మామా, నేను కూర పొయ్యి మీద పెట్టేదానికి పైన ఇంట్లోకి పోయి ఇప్పుడే వచ్చినా. ఆడ ఎవురూ లేరు."

పక్కింటాయన తన మిద్దె మీద బట్టలు తీసుకుంటూ నవ్వాడు. "ఏమప్పా, వాకిట్లో సేపలు పడతావుండావా?"

"పడేదాకా పడతానప్పా" అన్నాను.

ఆ రోజు నాకొక సంగతి అర్థమైంది. నేను వేలితో వినడం లేదు, ఆశతో వింటున్నాను. తగలాలి, తగలాలి అని మనసులో ఎంత గట్టిగా అనుకుంటే వేలు అంత మొద్దుబారుతోంది. ఇరవై ఆరేళ్ళు బండి నడిపినప్పుడు నేనెప్పుడూ బ్రేకు గురించి ఆలోచించలేదు. కాలికి తెలిసేది. అట్లా ఆలోచించకుండా కూర్చోవడం నేర్చుకోవడానికే నాకు నెలలు పట్టింది. డిపో నుంచి రావడం, ముఖం కడుక్కోవడం, మిద్దె ఎక్కడం. వాన పడితే వరండాలో, దారాన్ని తలుపు సందులోంచి వంటింట్లోకి వదిలేవాణ్ణి. ఆవిడ ఒక చేత్తో సంగటి గెలుకుతూ ఇంకో చేత్తో దారం ముట్టేది. విసుక్కున్న రోజులున్నాయి. "నాకేం ఇంగ పనిలేదా?" అని దారం తెంపేసిన రోజు కూడా ఒకటుంది. మర్నాడు తనే ముడి వేసి పెట్టింది.

దీపావళి వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం, నేను ఎటో చూస్తూ ఉన్నాను. ఎదురింటి మిద్దె మీద ఎవరో ఆరేసిన చీర గాలికి లేస్తోంది. ఉన్నట్టుండి చూపుడువేలి కొసలో చీమ నడిచినట్టయింది. నిజంగా చీమేమో అని చూసుకున్నాను. లేదు.

"ఏమే, ఇప్పుడు ముట్టినావా?" అని అడిగాను, అరవకుండానే.

కింద ఆవిడ ఎర్రగడ్డలు పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ముట్టినా" అంది ఆవిడ. "గట్టిగా గూడా కాదు మామా. ఊదినట్టు ముట్టినా."

ఆ తర్వాత రోజుల్లో కొన్నిసార్లు తెలిసేది, చాలాసార్లు తెలిసేది కాదు. చీమ నడిచిన చోటు మాత్రం ఒక్కో వారం కొంచెం పెద్దదైంది.

మళ్ళీ మాఘం వచ్చింది. ఈసారి పోయేటప్పుడు మా ఆవిడ కండక్టరుకూ నాకూ చింతపండు పులిహోర కట్టి, "పడకపోయినా ఫరవాలేదు" అని చెప్పింది. అది నాకు నచ్చలేదు. "పడతాది" అన్నాను.

ఆ పొద్దు నీళ్ళు నిరుటికంటే నెమ్మదిగా ఉన్నాయి. ఆకాశానికీ నీళ్ళకీ మధ్య గీత కనపడటం లేదు. పడవాయన పాత చోటుకే తీసుకెళ్ళి లంగరు వేశాడు. దారం వదిలాను. గుండు నేలను తాకింది. తాకినట్టు వేలికి తెలిసింది! నోరు తెరిచి చెప్పబోయి ఊరుకున్నాను. మూరెడు పైకి లాగి, చూపును సరుగుడు తోపు మీద పెట్టాను.

మొదట ఒక జెల్ల పడింది. అది గుంజిన గుంజుడు రాయికైనా తెలుస్తుంది. దాని రెక్క ముల్లుకు విషం ఉంటుందని పడవాయనే గాలం విడిపించి నీళ్ళలో పారేశాడు. తర్వాత రెండు గంటలు ఏమీ లేదు. కండక్టరు పులిహోర తిని, పడవ ముందుభాగంలో తువాలు కప్పుకుని పడుకున్నాడు. ఎండ నీళ్ళ మీద నుంచి కళ్ళలోకి కొడుతోంది. నేను ఏమీ అనుకోవడం లేదు. నిజం చెప్పాలంటే డిపో గేటు దగ్గర విరిగిన కుర్చీ కాలు గురించి అనుకుంటున్నాను.

దారం బరువైంది.

గుంజలేదు. వణకలేదు. తడిగుడ్డ ఒకటి ఎవరో దారం మీద ఆరేసినట్టు, అంతే. వేలి కొసకు తెలిసింది. నేను కదల్లేదు. పడవాయన వైపు చూస్తే ఆయన నన్నే చూస్తున్నాడు. ఆయనకూ తెలుసు, దారం వాలు చూసి ఉంటాడు. కండక్టరు లేచి కూర్చుని "అన్నా, లాగు, లాగు!" అన్నాడు. ఆయన వాడి మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

చేప ఎరను నోట్లో పెట్టుకుని కూర్చుంది. నేను పడవలో కూర్చున్నాను. మా ఇద్దరి మధ్యా దారం. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి బరువు ఒక పక్కకు జరిగింది. అప్పుడు లాగాను.

నీళ్ళ అడుగున తలుపు పీకినట్టనిపించింది. అది పైకి రాలేదు, ఒళ్ళంతా నీళ్ళకు అడ్డం పెట్టి నిలబడింది. కుడిచేత్తో లాగాను, ఒక మూర వచ్చింది. ఇంకో మూర వచ్చింది. మూడోసారి అది కిందికి దూకింది, నా వేళ్ళు విచ్చుకున్నాయి. ముడవమని ఎంత చెప్పినా ముడవలేదు. ట్యూబు తొడుగు మీద దారం సర్రున జారిపోతోంది. దారాన్ని ముంజేతికి చుట్టబోయాను. "సుట్టొద్దు! సెయ్యి తెగతాది!" అని పడవాయన మొదటిసారి అరిచాడు.

అప్పుడు నా ఎడమచెయ్యి వచ్చింది. పిలవలేదు. దానంతట అదే వచ్చి జారుతున్న దారాన్ని పట్టుకుంది. మా ఆవిడ పెట్టిన షరతు నాకు గుర్తుంది. ఒక్క క్షణం ఆ చేతిని తియ్యాలనే అనుకున్నాను. తీస్తే చేప పోతుంది. ఇంతకాలం కుడిచేతి కోసం మొండిగా ఉన్నాను, కానీ ఎడమచెయ్యి నాకేం శత్రువు కాదు కదా. రెండు చేతులతోనూ లాగాను. కుడిది పట్టుకోలేని చోట ఎడమది పట్టుకుంది, ఎడమది అలిసిన చోట కుడిది ఆనుకుంది. నీళ్ళలో మొదట తెల్లటి మచ్చ కనిపించింది, తిరగబడ్డ పళ్ళెంలా. తర్వాత గోధుమరంగు. పడవాయన వంగి చేతివలతో ఎత్తి పడవలో వేశాడు.

మూడు కిలోలకు పైనే ఉంటుందన్నాడు. పడవ అడుగున అది టపటపా కొట్టుకుంది. ఒకే పక్కనున్న రెండు కళ్ళూ నన్నే చూస్తున్నట్టున్నాయి. దాని ఒంటి మీద చెయ్యి పెట్టాను, కుడిచెయ్యి. చల్లగా ఉంది. చల్లగా ఉన్నట్టు తెలిసింది. నేను ఏడ్చాను. దాచుకోవడానికేం లేదు, అక్కడున్నది ఇద్దరే. కండక్టరు కూడా ఏడ్చాడు. పడవాయన ఇంజిన్ తాడు లాగుతూ "దానికి పండ్లుండాయప్పా, వేలు జాగర్త" అన్నాడు.

ఐసు వేసిన డబ్బాలో చేప పెట్టుకుని బస్సులో వెనక సీటులో కూర్చుని వచ్చాం. ఇంటికొచ్చి చేపను మా ఆవిడ ముందు పెట్టి, మొదట తప్పు ఒప్పుకున్నాను.

"తెలిసింది కుడిసేతికే. లాగింది మాత్రం రెండు సేతులూ. సెప్పినట్టు సెయ్యలేదు. వండకపోయినా సరే."

ఆవిడ చేపను చూసింది. నా చేతులు రెండూ పట్టుకుని తిప్పి చూసింది, ఎక్కడైనా తెగిందేమోనని. తెగలేదు.

"తెలిసింది గదా. నేను అడిగింది అదే" అంది. "లాగేదానికి దేవుడు రెండిచ్చినాడులే. పో, కాళ్ళు కడుక్కోపో."

సగం ముక్కలు మిరప్పొడి పట్టించి వేయించింది, సగం పులుసు పెట్టింది. చదును చేప కాబట్టి ముల్లు నడిమిన ఒక్కటే, కండ అరిటాకు చీల్చినట్టు ఊడి వచ్చింది. పక్కింటాయనకు కూడా గిన్నెలో పంపించింది. మిద్దె మీద నుంచి ఆయన గిన్నె ఎత్తి చూపించి, ఇంక నవ్వనన్నట్టు చెంపలు వేసుకున్నాడు.

ఆ వేసవిలో మళ్ళీ డాక్టర్ల ముందుకు పోయాను. చెయ్యి చాలా మెరుగైందని వాళ్ళే ఆశ్చర్యపోయారు. బస్సు నడపొచ్చా అని అడిగాను. పెద్దాయన కాగితాలు పక్కన పెట్టి, వద్దనే చెప్పాడు. ముందున్న బండిని చూసి కాలూ చెయ్యీ పనిచేసే వేగం నాకు తిరిగి రాలేదట. నేను వాదించడానికే సిద్ధపడి పోయాను. ఆయన మాట్లాడుతుంటే వెనకాల కూర్చునే యాభై మంది గుర్తుకొచ్చారు. సరేనని లేచి వచ్చేశాను. బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. బాధ లేదంటే అబద్ధం.

గేటు ఉద్యోగమే చేస్తున్నాను. ఇప్పుడు కుడిచేత్తో రాస్తాను, అక్షరాలు ఇంకా కొంచెం వాలతాయి. నీళ్ళు అణిగి ఉన్న నెలల్లో రెండు ఆదివారాలకొకసారి సముద్రానికి పోతాను. ఆ తర్వాత ఇప్పటిదాకా నాలుగు నాలుక చేపలు పట్టాను, పోగొట్టుకున్నవి అంతకు రెండింతలు. కిందటిసారి పడవాయన తన కళ్ళు మసకబారుతున్నాయని, దారం వాలు సరిగ్గా కనపడటం లేదని చెప్పాడు. ఆపరేషనుకు తిరుపతి రమ్మన్నాను, మా ఇంట్లోనే ఉండమన్నాను. వస్తానన్నాడు. కంటి డాక్టరు దగ్గర ఆయన పేరున నేనే చీటీ రాయించి పెట్టాను.